బయ్యర్‌ని ఏమని పిలవాలో ముందు ఫైల్లో రాయించండి: గోదావరి జిల్లాల ఎగుమతిదారులకు బహిరంగ లేఖ

భీమవరం, నరసాపురం, పాలకొల్లు, అమలాపురం, కాకినాడ చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల యజమానులకు, లేసు ఎగుమతిదారులకు, వారి మేనేజర్లకు. ఈ ప్రాంతపు కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకు

అయ్యా, అమ్మా,

మీ ఆఫీసుల నుంచి విదేశాలకు వెళ్ళే మెయిళ్ళు టైపు చేసేది, దిద్దేది, వచ్చిన జవాబులు అందరికంటే ముందు చదివేది మేమే. సరుకు గురించో రేటు గురించో మీకు చెప్పేటంత వాళ్ళం కాదు. కానీ మెయిల్ మొదటి లైన్లో అవతలి మనిషిని ఏమని పిలవాలన్న విషయంలో మన దగ్గర నడుస్తున్న పద్ధతి బాగోలేదు. దాన్ని మార్చడం గుమాస్తా చేతిలో లేదు, మీ చేతిలో ఉంది.

ఇన్నాళ్ళూ ఈ లోటు పెద్దగా కనబడలేదు. మన వెనామి రొయ్యకి పెద్ద బయ్యర్ అమెరికా. అక్కడివాళ్ళు పిలుపు సంగతి అంతగా పట్టించుకోరు, కౌంటు (తూకానికి ఎన్ని రొయ్యలు), గ్లేజు (రొయ్య మీది మంచుపొర), రేటు చూస్తారు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరేసరికి ప్లాంట్లు జపాన్, జర్మనీ, ఫ్రాన్స్, స్పెయిన్, వియత్నాం, రష్యా వైపు కొత్త అడ్రసులు వెతుక్కోవడం మొదలెట్టాయి. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు తెచ్చుకున్న నరసాపురం లేసుకీ యూరప్ దుకాణాలతో పనే. దేశాలు మారాయి గానీ మన మెయిల్ అచ్చు మారలేదు. పదేళ్ళ క్రితం ఎవరో టైపు చేసిపెట్టినదే ఇప్పటికీ అన్ని దేశాలకీ వెళ్తోంది: "రెస్పెక్టెడ్ సర్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే. కైండ్లీ ఫైండ్ అటాచ్డ్ అవర్ బెస్ట్ ఆఫర్ అండ్ డూ ది నీడ్‌ఫుల్."

ఈ రెండు ముక్కల్లో ఎన్ని చిక్కులున్నాయో చూడండి. "సర్" అన్నాం, చదివేది ఆవిడ కావచ్చు. "రెస్పెక్టెడ్" అన్న సంబోధన మన ఉపఖండం దాటితే దాదాపు ఎవరూ వాడరు. "డూ ది నీడ్‌ఫుల్" ఒకప్పటి ఆంగ్లేయుల ఆఫీసు భాష. వాళ్ళు ఎప్పుడో వదిలేశారు, మన దగ్గర మిగిలిపోయింది. "కైండ్లీ" మనకి వినయం, అమెరికన్ చెవికి ఆర్డరేసినట్టు వినబడుతుంది. అన్నిటికంటే పెద్ద లోపం, మెయిల్ మొత్తంలో అవతలి మనిషి పేరు లేదు. పేరు లేకుండా పొగడ్తతో మొదలై, అటాచ్‌మెంట్ తెరవమని అడిగే మెయిల్ అంటే వాళ్ళకి మోసగాళ్ళ మెయిలే గుర్తొస్తుంది. వాళ్ళ ఐటీవాళ్ళు ఉద్యోగులకి నేర్పేది కూడా అలాంటివి తెరవొద్దనే. మీ ఆఫర్ షీట్ ఎంత బాగున్నా చదివే నాథుడుండడు.

వాట్సాప్‌లో ఇంకోటి నడుస్తోంది. పేరు లేకుండా ఉత్త "డియర్". "ఎస్ డియర్, సెండింగ్ ఫోటోస్", "ఓకే డియర్, కంటైనర్ లోడెడ్". మన ఇంగ్లీషులో అది బాబూ, అమ్మా అన్నంత మామూలు మాట. బయట దేశాల్లో పేరు వెంట వస్తేనే "డియర్" మర్యాద. ఒంటరిగా వస్తే మొగుడూ పెళ్ళాల మధ్య పిలుపు. బయ్యర్ ఆఫీసులో ఆడవాళ్ళకి అలా పంపితే, ఆవిడ ఏమీ అనకుండా తర్వాతి మెయిల్‌లో తన మేనేజర్‌ని సీసీలో పెడుతుంది. అప్పుడు మనవాళ్ళు "ఎందుకో ఉన్నట్టుండి బిగిసిపోయారండీ" అంటారు.

ఇక యజమానులకి నేరుగా చెప్పాల్సిన మాట. మన ఆఫీసుల్లో రాసేవాడు ఒకే మెయిల్‌లో రెండు మర్యాదలు మొయ్యాలి. ఒకటి బయ్యర్‌కి, రెండోది సీసీలో ఉన్న మీకు. "అవర్ ఎండీ సర్ విల్ విజిట్ యువర్ గుడ్ ఆఫీస్" అని రాస్తాడు. మీ పేరు ముందు మిస్టర్ పెట్టి వదిలేస్తే మీరు ఊరుకోరన్న భయం. బయ్యర్ "బాబ్" అని సంతకం పెట్టి, నన్ను బాబ్ అనే పిలవండి అన్నాక కూడా "బాబ్" అని రాయడానికి మా చెయ్యి రాదు. రాస్తే "నీ ఈడేంటి, ఆయన ఈడేంటి" అని కేకలేసే మేనేజర్లున్నారు. "అండీ" లేకుండా మాట పూర్తికాని నేల ఇది, ఆ కోపం అర్థమవుతుంది. కానీ బాబ్‌కి అరవై ఏళ్ళున్నా, పాతికేళ్ళ కుర్రాడు పేరు పెట్టి పిలిస్తేనే ఆయనకి ఇబ్బంది లేనిది. వద్దన్నాక కూడా సర్ సర్ అంటూంటే, వీళ్ళకి చెప్పింది ఎక్కడంలేదని అనుకుంటాడు.

జపాన్ వాళ్ళ దగ్గర ఇదే విషయం తలకిందులు. వాళ్ళ పద్ధతిలో బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు తమ కంపెనీ మనుషులెవరికీ గౌరవపదం తగిలించరు, ప్రెసిడెంటుకైనా సరే. అవతలివాళ్ళ గుమాస్తాకి మన గారు లాంటి "సాన్" ఉంటుంది, తమ ప్రెసిడెంటుకి ఉత్త ఇంటిపేరే. మనం "అవర్ ఎండీ సర్", "అవర్ చైర్మన్ గారు" అని రాస్తే మన ఇంటివాళ్ళని మనమే పొగుడుకుంటున్నట్టు ఉంటుంది. విదేశాలకు వెళ్ళే ఏ మెయిల్‌లోనూ సొంతవాళ్ళ పేరు పక్కన సర్, గారు ఉండక్కర్లేదని మీరే ఒక మాట చెప్పండి. మీరు చెబితే తప్ప ఆ మాట మా మెయిళ్ళలోంచి పోదు.

జపాన్ సంగతి ఎత్తాం కాబట్టి మిగతాదీ చెబుతాం, కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే. మనలాగే వాళ్ళకీ ఇంటిపేరు ముందు. జపాన్ ప్రభుత్వం 2020 జనవరి 1 నుంచి తన పత్రాల్లో రోమన్ లిపిలో రాసినా ఇంటిపేరే ముందు పెడుతోంది. కానీ చాలా కంపెనీల కార్డుల మీద ఇప్పటికీ పాశ్చాత్యుల వరసలో ఇంటిపేరు చివర ఉంటుంది. ఏది ఇంటిపేరో తేలకపోతే, పెద్దక్షరాల్లో అచ్చువేసినది చూడండి, లేదా వాళ్ళ సహోద్యోగి ఆ మనిషి గురించి రాసిన మెయిల్ చూడండి. వరస మనదే అయినా వాడుక మనకి వ్యతిరేకం: మనం అసలు పేరుకి గారు తగిలిస్తాం, వాళ్ళు ఇంటిపేరుకి సాన్ తగిలిస్తారు. ఇంగ్లీషు మెయిల్‌లో "డియర్ తనాకా-సాన్" అంటే చాలు. "మిస్టర్ తనాకా-సాన్" అని రెండూ కలపొద్దు. మీ సంతకంలో మీకు మీరే సాన్ పెట్టుకోవద్దు, అది కూడా జరుగుతోంది. మనిషికి కాకుండా కంపెనీకో డిపార్ట్‌మెంటుకో జపనీసులో రాసేటప్పుడు పేరు తర్వాత "ఒన్‌చూ" వస్తుంది, మనిషికి "సామా" వస్తుంది, రెండూ ఒకే పేరుకి రావు. టు, సీసీ గడుల్లో పేర్లు హోదా వరసలో పెట్టాలి, పెద్దాయన ముందు. పదేళ్ళు వ్యాపారం చేసినా ఇంటిపేరు నుంచి సొంత పేరుకి దిగరు. మీరు మాత్రం ఎందుకు దిగడం?

ఆ మెయిళ్ళలో మొదటి వాక్యం "ఒసెవా ని నత్తె ఒరిమాసు" అని వస్తుంది. మా బాగోగులు చూస్తున్నందుకు కృతజ్ఞులం అన్నంత అర్థం, మన పాత ఉత్తరాల్లో "ఉభయ కుశలోపరి" లాంటి లాంఛనం. యంత్రానువాదంలో అది రకరకాలుగా వస్తుంది. దాన్ని చూసి ఆర్డర్ ఖాయమైందని పొంగిపోయి ముడిసరుకు కొనేయకండి. అలాగే "పరిశీలిస్తాం" అన్నదాన్ని ఒప్పుకోలు కింద లెక్కేయకండి. చాలాసార్లు అది "కాదు" అన్నదాన్నే మర్యాదగా చెప్పడం.

జర్మనీ వాళ్ళది ఇంకో తరహా బిగువు. మగవాళ్ళకి హెర్, ఆడవాళ్ళందరికీ ఫ్రావు, పెళ్ళయిందా లేదా అన్న తేడా లేదు. కుమారి అర్థంలో వాడిన ఫ్రాయిలైన్‌ని 1970ల మొదట్లోనే ప్రభుత్వ వాడుకలోంచి తీసేశారు. పాత డిక్షనరీ చూసి రాస్తే నవ్వులపాలు. డాక్టరేట్ ఉన్నవారికి ఇంటిపేరు ముందు డాక్టర్ తప్పనిసరిగా ఉంచండి: "డియర్ డాక్టర్ ష్మిట్". మీ సరుకు నివేదికలు చూసే ల్యాబు మనుషుల్లో డాక్టర్లు మామూలే. మన మీరు, నువ్వులాగే వాళ్ళకి "జీ", "డూ" ఉన్నాయి. జీ నుంచి డూకి దిగుదామని పెద్దవాళ్ళో పై హోదావాళ్ళో అడగాలి, చిన్నవాళ్ళు అడగకూడదు. మనవాళ్ళు పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఇంగ్లీషులో రాసేటప్పుడు అదే జర్మన్ "డియర్ థామస్" అనిపించుకోవడానికి ఒప్పుకోవచ్చు. దాన్ని బట్టి, జర్మన్‌లో పంపే మెయిల్‌లో డూ వాడెయ్యకండి. ఇంగ్లీషులో మొదటి పేరు పెట్టి పిలుచుకునేవాళ్ళు జర్మన్‌లో జీ అనుకుంటూనే ఉంటారు. ఇంకో చిన్న గుర్తు: జర్మన్ ఉత్తరంలో సంబోధన తర్వాత కామా, తర్వాతి లైను మొదటి అక్షరం చిన్నది. ఇంగ్లీషులో పెద్దది. అమెరికన్ లాంఛనపు ఉత్తరంలో కామా బదులు రెండు చుక్కలు.

యంత్రానువాదం గురించి ఇక్కడే చెప్పాలి. ఇంగ్లీషులో "యూ" ఒక్కటే. దాన్ని జర్మన్‌లోకి, ఫ్రెంచిలోకి, స్పానిష్‌లోకి మార్చేటప్పుడు మీరు అనాలో నువ్వు అనాలో యంత్రం ఊహించుకుంటుంది. ఒకే మెయిల్‌లో మొదటి పేరాలో మీరు, మూడో పేరాలో నువ్వు వచ్చేస్తాయి. తెలుగులో మీరు అని రాసి మార్చినా గ్యారంటీ లేదు. మధ్యలో ఇంగ్లీషు మీదుగా వెళ్తే మన మీరు అక్కడే రాలిపోతుంది. డీప్‌ఎల్ లాంటి కొన్ని సాధనాల్లో లాంఛనమా, చనువా అని ఎంచుకునే మీట ఉంటుంది, కొన్ని భాషలకే. అది లేకపోతే ఇంగ్లీషులోనే పంపండి. తప్పులున్న జర్మన్ కంటే శుభ్రమైన ఇంగ్లీషు వాళ్ళకి నయం. వాళ్ళ భాషలో ఏదైనా రాయాలని ముచ్చటైతే సంబోధన, ముగింపు మాత్రం రాయండి.

ఫ్రాన్సులో పద్ధతిగా రాసే ఉత్తరంలో సంబోధన ఉత్త "మదామ్" లేదా "మొస్యూ", పక్కన ఇంటిపేరు రాయరు. హోదా ఉంటే హోదా కలుపుతారు. చివర ముగింపు వాక్యంలో అదే సంబోధన అచ్చంగా తిరిగి రావాలి, పైన మదామ్ అని కింద మొస్యూ అంటే నకలు కొట్టారని తెలిసిపోతుంది. మెయిల్‌లో ఇంత బిగువు లేదు: "బోంజూర్ మదామ్" అని ఇంటిపేరు, చివర "కోర్దియల్‌మాఁ" సరిపోతాయి. మదమొజెల్‌ని 2012లో ప్రభుత్వ పత్రాల్లోంచి తీసేశారు, మీరూ తీసెయ్యండి. ఫ్రెంచివాళ్ళు తరచుగా ఇంటిపేరు పెద్దక్షరాల్లో రాస్తారు, ఒక్కోసారి ముందే రాస్తారు. పెద్దక్షరాల్లో ఉన్నది ఇంటిపేరని గుర్తుపెట్టుకుంటే సగం గందరగోళం పోతుంది.

పేరు చూసి ఆడా మగా అని తేల్చకండి. ఆంద్రేయా అంటే ఇటలీలో మగ, జర్మనీలో ఆడ. సిమోన్ అని మనం పలికే పేరు ఇటలీలో మగవాళ్ళది, ఫ్రాన్సులో ఆడవాళ్ళది. జే ఈ ఏ ఎన్ అక్షరాల పేరు ఫ్రాన్సులో మగ, ఇంగ్లండులో ఆడ. తేలనప్పుడు మిస్టర్ మిస్ వదిలేసి డియర్ పక్కన పూర్తి పేరు రాయండి. పేరే తెలియనప్పుడు ఉద్యోగం పేరు రాయండి: "డియర్ క్వాలిటీ మేనేజర్". ఆడవాళ్ళని తేలితే "మిజ్" రాయండి, అందులో పెళ్ళయిందా లేదా అన్న తేడా ఉండదు. "మిసెస్" వద్దు.

స్పెయిన్‌లో ఇంటిపేర్లు రెండు, ముందుది మామూలుగా తండ్రిది, పిలుపుకి అదే. గార్సియా లోపెజ్ అని ఉంటే సెన్యోర్ గార్సియా, లోపెజ్ కాదు. పెళ్ళయ్యాక అక్కడి ఆడవాళ్ళు ఇంటిపేరు మార్చుకోరు కాబట్టి భర్త పేరుతో పిలిచే ప్రయత్నం చెయ్యకండి. రష్యన్లకి సొంత పేరు, తండ్రి పేరు కలిపి పిలవడం మర్యాద, ఒల్గా ఇవానొవ్నా అన్నట్టు. గల్ఫ్‌లో మిస్టర్ పక్కన మొదటి పేరు, మిస్టర్ అహ్మద్, మనకి తేలిగ్గా పట్టుబడే పద్ధతి. చైనావాళ్ళకి ఇంటిపేరు ముందు, హోదా తర్వాత. జాకీ, విక్కీ అని ఇంగ్లీషు పేరు పెట్టుకుని రాస్తారు, మెయిల్‌లో అలాగే పిలవండి, కాంట్రాక్టులో మాత్రం పాస్‌పోర్టు పేరు అడిగి రాయండి.

వియత్నాం ప్లాంట్లు మన దగ్గర రొయ్య కొని, ప్రాసెస్ చేసి మళ్ళీ ఎగుమతి చేస్తాయి, కాబట్టి ఆ దేశం మనకి ముఖ్యమే. అక్కడ ఇంటిపేరు ముందు, సొంత పేరు చివర. మిస్టర్, మిజ్ తర్వాత వచ్చేది ఆ చివరి మాట. న్గుయెన్ అన్న ఇంటిపేరు ఆ దేశంలో ఎంతమందికి ఉందంటే, ఆఫీసుకి "మిస్టర్ న్గుయెన్" అని మెయిల్ రాయడం భీమవరం ప్లాంటుకి "రాజుగారికి" అని ఉత్తరం రాసినట్టే. ఎవరు తెరవాలో ఎవరికీ తెలియదు.

నవ్వుకోకండి, మన పేర్లు కూడా అవతలివాళ్ళ ఫైల్లో అలాగే ఉన్నాయి. ఇంటిపేరు, వెంకట, సత్యనారాయణ, రాజు అని నాలుగు ముక్కల పేరనుకోండి. మెయిల్ బాక్సులో ఇంటిపేరు ముందు వస్తే అమెరికన్ "హాయ్" అని ఇంటిపేరుతో పిలుస్తాడు. ఇంటిపేరు ఇనీషియల్ అయితే "హాయ్ వెంకట". జర్మన్ చివరి మాట ఇంటిపేరనుకుని "హెర్ రాజు" అంటాడు. మన జిల్లాల నుంచి రాసే ముగ్గురు వేర్వేరు ప్లాంట్ల వాళ్ళు ఆయన దగ్గర ముగ్గురు హెర్ రాజులు. ఒకరి క్లెయిమ్ జవాబు ఇంకొకరి ఫైల్లోకి వెళ్ళిందంటే తప్పు పూర్తిగా ఆయనదే అనలేం. రావు, నాయుడు, శాస్త్రి, అందరిదీ ఇదే బాధ.

దీనికి మందు సంతకంలోనే ఉంది, పైసా ఖర్చు లేదు. పూర్తి పేరు ఒక లైనులో, అందులో ఇంటిపేరు పెద్దక్షరాల్లో. పక్కన బ్రాకెట్లో మిస్టర్ లేదా మిజ్. లక్ష్మి, మణి, సూర్య ఆడో మగో బయటివాడికి ఎలా తెలుస్తుంది? కింది లైనులో "ప్లీజ్ కాల్ మీ" అని ఒక్క ముక్క, మీరు పిలిపించుకోదలచిన పేరు. ఆ ముక్క పొట్టిగా ఉండాలి, పలకడానికి తేలిగ్గా ఉండాలి. తర్వాత ఉద్యోగం, కంపెనీ. డిగ్రీల తోక వద్దు. మెయిల్ ఖాతాలో కనబడే పేరు కూడా అదే వరసలో మార్చుకోవాలి. చాలా ప్లాంట్లలో అది ఇప్పటికీ "ఎక్స్‌పోర్ట్స్" అనో "ఇన్ఫో" అనో ఉంది. మనిషి పేరు లేని ఖాతా నుంచి వచ్చిన మెయిల్‌కి మనిషి జవాబివ్వాలని ఎందుకు ఆశిస్తాం?

పిలుపుకి వాడే పేరు వేరు, పత్రాల్లో పేరు వేరు. ఇన్వాయిస్ మీద, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు) మీద, హెల్త్ సర్టిఫికెట్ మీద పేర్లు ఎల్‌సీలో, అంటే బయ్యర్ బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రంలో, ఉన్నట్టే ఉండాలి, అక్షరం, చుక్క, కామాతో సహా. అక్కడ మర్యాదలు చూపించి మిస్టర్ చేర్చడం, "పీవీటీ" అని ఉన్నదాన్ని "ప్రైవేట్" అని విప్పడం వద్దు. బ్యాంకుకి పత్రాలు చూడడానికి ఐదు బ్యాంకు పనిదినాల వరకు గడువుంది. ఆ ఐదో రోజున తేడా ఉందని చెబితే కంటైనర్ రేవులో కూర్చుంటుంది, ఆగినందుకు కట్టే డెమరేజ్ మీ ఖాతాలో పడుతుంది. గుమాస్తా "బాబ్" అని అలవాటుపడి కాంట్రాక్టులో కూడా బాబ్ అని కొడితే, రాబర్ట్ అన్న అసలు పేరున్న పత్రంతో అది కలవదు.

చనువుగా పిలిచినంత మాత్రాన విషయం తేలికని కాదు. "హాయ్, హోప్ యూ ఆర్ వెల్" అని మొదలైన మెయిల్ నాలుగో లైనులో కంటైనర్ తిప్పి పంపుతున్నామని చెప్పొచ్చు. యూరప్ సరిహద్దుల్లో మన చెరువు రొయ్యల కన్సైన్‌మెంట్లలో పరీక్షకి లాగే వంతుని 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచారు. యాంటీబయాటిక్ అవశేషం కనబడిందన్న వార్త కూడా చాలాసార్లు ఇలా నవ్వుతూనే వస్తుంది. పలకరింపు చూసి "కూల్‌గానే ఉన్నారు సార్" అని రెండు రోజులు జవాబు ఆపిన ఆఫీసులున్నాయి. ఉన్నట్టుండి పిలుపు మారితే మాత్రం ఉలిక్కిపడండి. ఏడాదిగా "హాయ్ రవి" అన్న మనిషి ఒకరోజు "డియర్ మిస్టర్" అని ఇంటిపేరుతో రాస్తే, ఆ మెయిల్ రేపు లాయర్ చూస్తాడని అర్థం. మీరూ అదే పని చెయ్యొచ్చు: డబ్బు ఆపిన బయ్యర్‌కి మూడో గుర్తుచేసే మెయిల్‌లో మొదటి పేరు వదిలి మిస్టర్‌కి ఎక్కండి. కోపం రాయక్కర్లేదు, వాళ్ళకి తెలుస్తుంది. కానీ తెలియక అలా ఎక్కితే లేని గొడవ మొదలవుతుంది. మన ఆఫీసుల్లో మనుషులు మారినప్పుడల్లా జరిగేది ఇదే. పాత గుమాస్తా పేరుతో పిలిచేవాడు, కొత్తవాడు "రెస్పెక్టెడ్ సర్" అంటాడు, బయ్యర్ ఏం తప్పు చేశానా అనుకుంటాడు.

అందుకే మేం అడిగేది ఒక చిన్న పట్టిక. ప్రతి బయ్యర్ ఫైల్లో స్పెసిఫికేషన్ షీటు పక్కనే ఒక పేజీ. పేరు సంతకంలో ఉన్నట్టు. అందులో ఇంటిపేరు ఏది. మిస్టరా మిజా డాక్టరా. చివరి మూడు మెయిళ్ళలో ఆ మనిషి సంతకం ఎలా పెట్టారు, పూర్తి పేరా, మొదటి పేరా, పొట్టి పేరా. మనల్ని ఏమని పిలుస్తున్నారు. అక్కడ ఆ మనిషికి పైవారు ఎవరు. మొదటి మెయిల్‌కి ఒక మెట్టు పైన ఉండండి, మిస్టర్, మిజ్, ఇంటిపేరు. జవాబు వచ్చాక వాళ్ళు సంతకం పెట్టిన పేరుకి దిగండి, అంతకంటే కిందికి వద్దు. రాబర్ట్ అని రాసినవాణ్ణి మీరే బాబ్ చెయ్యకండి. జపాన్, కొరియాలకి ఈ దిగుడు వర్తించదు. స్వీడన్ వాళ్ళకి మొదటి రోజే మొదటి పేరు పర్వాలేదు. ఒకప్పుడు అక్కడా "డైరెక్టరు గారు ఏమంటారు" అని ఎదుటి మనిషినే హోదాతో, మూడో మనిషిలా పలకరించేవారు. 1967లో వైద్యశాఖ అధిపతి బ్రోర్ రెక్సెడ్ తన ఉద్యోగులందరినీ మొదటి పేరుతోనే పిలుస్తానని ప్రకటించాక ఆ అలవాటు చకచకా పోయింది. పైవాడు చెబితే కిందివాళ్ళకి ఎంత తేలికో చూడండి.

ఫార్వర్డుల సంగతి చెప్పకపోతే మాకే నష్టం. బయ్యర్ మెయిల్‌ని లోపల నలుగురికి తిప్పుతూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తాం: "వీడికి అర డాలర్ తగ్గించినా చాలు సార్, ఒప్పేసుకుంటాడు." పై మెయిల్‌కి జవాబు రాసి పంపేస్తాం. కింద ఆ గొలుసంతా అలాగే ఉంటుంది. "వీడు" అన్నది అనువాద యంత్రానికి అంతుపట్టకపోవచ్చు. కానీ అర డాలర్ అంకె ఏ భాషలోనైనా చదవొచ్చు, పైగా ఈ రోజుల్లో ఏ ఆఫీసులోనైనా ఒక తెలుగువాడుంటాడు. లోపలి మాటలకి వేరే మెయిల్ పెట్టండి, లేదా ఫోన్ ఎత్తండి. బయ్యర్‌కి వెళ్ళేది కొత్త జవాబుగానే వెళ్ళాలి. మా పని పెరిగినా పర్వాలేదు.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్లకి రెండు మాటలు. మీ దగ్గర చదివే పిల్లలు అమెరికా, జర్మనీ ప్రొఫెసర్లకి మెయిళ్ళు రాస్తారు. "రెస్పెక్టెడ్ సర్" అని మహిళా ప్రొఫెసర్లకి వెళ్తోంది. పేరు మాత్రం వేరే అక్షరాల సైజులో ఉంటుంది, ముందు పంపినదానిలోంచి కాపీ కొట్టారని ఇట్టే తెలుస్తుంది. "డియర్ ప్రొఫెసర్" అని ఇంటిపేరు రాయమనండి. ఆ ప్రొఫెసరే మొదటి పేరుతో పిలవమనేదాకా అలాగే ఉంచమనండి. "మైసెల్ఫ్" అని మొదలుపెట్టొద్దని ఇప్పటికే చెబుతూనే ఉంటారు. ఇంకోటి పాస్‌పోర్టుకి అప్లై చేసేటప్పుడే చూడాల్సింది: ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు ఒక్క గడిలో కొట్టేస్తే, అమెరికా వీసా మీద మొదటి పేరు స్థానంలో "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది, మొదటి పేరు తెలియదని అర్థం. తర్వాత బ్యాంకు, యూనివర్సిటీ, ఉద్యోగమిచ్చినవాళ్ళు ఆ కుర్రాణ్ణి "డియర్ ఫ్ను" అని పిలుస్తారు. సరిదిద్దుకోవడానికి నెలలు పడుతుంది.

మన జిల్లా ఆఫీసులకి రాసే తెలుగు అర్జీల్లో కూడా కుర్చీలో ఎవరున్నారో చూడకుండా "అయ్యా" అని కొట్టేస్తున్నాం. ఆవిడ ఉన్నప్పుడు "అమ్మా" అనడానికి ఏం అడ్డం? తేలకపోతే హోదాకి "గారికి" తగిలించి రాస్తే సరిపోతుంది.

బోస్టన్ సీఫుడ్ ప్రదర్శన మార్చిలో, బార్సిలోనాది ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో ఉంటాయి. వాటికి విజిటింగ్ కార్డులు అచ్చుకిచ్చే ముందు ఒక్కసారి మాకు చూపించండి. ఇంటిపేరు ఏదో తెలిసేలా, పిలిచే పేరు విడిగా, మిస్టరో మిజ్జో ఉండేలా వరస సర్ది ఇస్తాం. గంట పని.

ఇట్లు,
గోదావరి డెల్టా ఎగుమతి ఆఫీసుల్లో మెయిళ్ళు రాసేవాళ్ళం, దిద్దేవాళ్ళం